ఒకటో పిన్ను

మంగళవారం పొద్దున పిన్నుల మేస్త్రి ఫ్యాక్టరీకి వెళ్లింది పని కోసం కాదు, చెల్లెలి టిఫిన్ డబ్బా కోసం. డబ్బాతో పాటు కుర్చీలో వేసుకునే దిండు, ఏసీ చలికి కప్పుకునే శాలువా, కళ్లజోడు పెట్టె కూడా తెచ్చిపెట్టమంది. "నన్నెలాగూ గేటు దాటనివ్వరు కదన్నయ్యా" అంది. పదకొండేళ్లు కూర్చున్న గదిలోంచి మనిషిని పంపేయడానికి పది నిమిషాలు చాలాయి గానీ, సామాను మాత్రం ఇంకా అక్కడే ఉండిపోయింది.

అది గుడ్డలకు రంగులు వేసే ఫ్యాక్టరీ. కింద ఎనిమిది పెద్ద తొట్లలో రంగునీళ్లు కుతకుతా ఉడుకుతుంటాయి. పైన అద్దాల గదిలో కంప్యూటర్ ముందు చెల్లెలు కూర్చునేది. నల్లటి తెర మీద ఎనిమిది వరసలు, వరసకో తొట్టి, పక్కనే వేడి ఎంతుందో అంకె. అంతా సవ్యంగా ఉంటే వరస ఆకుపచ్చగా ఉంటుంది. వేడి హద్దు దాటితే ఎర్రబడుతుంది. గుడ్డ మార్చడానికి ఎవరైనా తొట్టిని ఆపితే ఆ వరస తెర మీద నుంచి పూర్తిగా తప్పుకుంటుంది. ఎరుపు కనబడగానే ఆవిరి కట్టేయాలి. చెప్పుకోవడానికి ఇంతే పని. రోజుకు ఎనిమిది గంటలు రెప్ప ఆర్పకుండా చేసేవాళ్లకు తెలుస్తుంది అందులోని సుఖం.

సోమవారం మధ్యాహ్నం ఆరో తొట్టి మూత ఎగిరిపడింది. పక్కనే నిలబడ్డ పనివాడు, అందరూ పొడుగాయన అని పిలిచే మనిషి, మెడ నుంచి నడుము దాకా కాలిపోయాడు. అప్పటి నుంచి చెల్లెలిది ఒకటే మాట. "ఆరో వరస ఎర్రబడలేదు. అసలు వరసే లేదు. గుడ్డ మార్చడానికి ఆపారనుకున్నా." ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. సాయంత్రానికల్లా ఆమె కునుకు తీసిందని ఫ్యాక్టరీ అంతా తేల్చేసింది. శుక్రవారం విచారణ. తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం పోవడంతో ఆగదు, సంగతి పోలీసుల దాకా వెళ్తుందని మేనేజరు ముందే చెప్పాడు.

మేస్త్రి కాపలా అతని దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి తాళంచెవి తీసుకున్నాడు. ఫ్యాక్టరీలో తీగలూ తెరలూ చూసేది అతనే. కంప్యూటర్ తీగ చివర సూదుల్లా ఉండే పిన్నులు వంగిపోతే, వాటిని చెక్కుచెదరకుండా నిలబెట్టడంలో అతని తరవాతే ఎవరైనా. అందుకే ఆ పేరు. ములుకు తీసేసిన నొక్కుడు పెన్సిలొకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది. దాని బోలు ముక్కును వంగిన పిన్నుకు తొడిగి మెల్లగా లేపుతాడు. లేపాక ఏది వంగిందో, ఏది వంగలేదో కనిపెట్టమని కుర్రమేస్త్రీలతో పందెం కాసేవాడు. ఒక్కరూ గెలవలేదు.

డబ్బా సంచిలో వేసుకున్నాడు. శాలువా మడత పెట్టాడు. దిండు తీయబోతూ ఎందుకో కుర్చీలో కూర్చుని తెర వెలిగించాడు. ఏడు ఆకుపచ్చ వరసలు వచ్చాయి. ఐదో దానికీ ఏడో దానికీ మధ్య నల్లగా ఖాళీ. ఆరో తొట్టి పగిలిపోయిందిగా, ఆపేసి ఉంటారనుకున్నాడు. అంతలో పైన మూలనున్న గడియారం అంకెల మీద చూపు పడింది. అవి తెల్లగా ఉండాలి. చెరువు నీటి రంగులో, నీలమూ ఆకుపచ్చా కలిసినట్టున్నాయి.

తెలుపులోంచి ఎరుపు తీసేస్తే మిగిలేది ఆ రంగే. ముప్పై ఏళ్లుగా తెలిసిన సంగతి. అతని చేతులు అప్పటికే తెర వెనక్కు పోయాయి. ప్లగ్గుకు అటొకటి ఇటొకటి ఉన్న రెండు స్క్రూలూ విప్పి, ప్లగ్గును వెలుతురులో పట్టుకున్నాడు. మూడు వరసలు, వరసకు అయిదు, మొత్తం పదిహేను పిన్నులు. మూలనున్న ఒకటో పిన్ను పడుకుని ఉంది. ఎరుపును మోసేది అదే. అది లేకపోతే ఎర్రబడిన వరస నల్లటి తెరలో కలిసిపోతుంది.

"ఇదా సంగతి!" అనుకున్నాడు. పెన్సిల్ జేబులోంచి ఎప్పుడు వచ్చిందో అతనికే తెలియదు. ముక్కు తొడిగాడు, ఊపిరి బిగబట్టాడు, గోరంత పక్కకు, గోరంత పైకి లేపాడు. పిన్ను లేచి నిలబడింది. కన్ను దగ్గరగా పెట్టి చూసుకున్నాడు. పదిహేనూ సైనికుల్లా ఉన్నాయి. ప్లగ్గు పెట్టి స్క్రూలు బిగించాడు.

గడియారం మల్లెపువ్వులా తెల్లబడింది. ఐదుకూ ఏడుకూ మధ్య ఆరో వరస ఎర్రగా వెలిగింది. తొట్టిలోని వేడి చెప్పే పరికరం పగిలి, సోమవారం మధ్యాహ్నపు అంకె దగ్గరే ఆగిపోయింది. ఆ అంకె నిప్పుకణికలా నిలిచి ఉంది. ఒక్క క్షణం మేస్త్రికి ప్రాణం హాయిగా అనిపించింది. పని కుదిరినప్పుడల్లా కలిగే హాయి అది, ఎప్పుడూ అబద్ధం ఆడని హాయి.

మరుక్షణం అర్థమైంది. చెల్లెలు చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజానికి లోకంలో ఉన్న ఒకే ఒక సాక్షిని తన చేత్తో తనే సరిచేసి పెట్టాడు.

మళ్లీ వంచేస్తే? స్క్రూ మీద చెయ్యి వేశాడు. ఉన్నది ఉన్నట్టు చూపించడానికి కూడా ఇప్పుడు దొంగపని చేయాలి. ఆ ఆలోచన తెగేలోపే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. మేనేజరు లోపలికి వచ్చాడు, చేతిలో ఫోను.

"నువ్వేంటి మేస్త్రీ ఇక్కడ?"

"మా చెల్లి డబ్బా కోసం సార్."

మేనేజరు తెరకేసి చూసి తల ఆడించాడు. "చూడు, ఎంత ఎర్రగా ఉందో. గుడ్డివాడికైనా కనబడుతుంది కదయ్యా." ఫోను ఎత్తి రెండు ఫొటోలు తీసుకున్నాడు. ఒకటి దగ్గర నుంచి, ఒకటి కాస్త దూరం నుంచి. దూరం నుంచి తీసిన దాంట్లో మేస్త్రి భుజం కూడా పడింది. మేస్త్రి నోరు తెరిచాడు. సంచీలో డబ్బా మూత కదిలి చప్పుడైంది తప్ప మాట రాలేదు. ఖాళీ పెన్సిల్ ఇంకా చేతిలోనే ఉంది.

ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు అతని వంటింట్లోనే ఉంది, వదినకు కూరగాయలు తరిగిపెడుతూ. ఆమెది పక్క వాటాలోనే కాపురం. ఇంట్లో ఎవరికి బాగోకపోయినా ముందు పనిలో దూరడం ఆమె అలవాటు. డబ్బా చూసి నవ్వింది.

"కడిగావా అన్నయ్యా? నిన్నటి అన్నం అలాగే ఉందా?"

"అలాగే ఉంది."

"తినబోతుంటేనే మూత ఎగిరింది" అంది. ఆ మాటతో కత్తి ఆగిపోయింది. వదిన ఆమె చేతిలోంచి కత్తి తీసేసుకుంది.

చెబుదామనుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటున్నప్పుడు అనుకున్నాడు, చెయ్యి కడుక్కుంటున్నప్పుడు అనుకున్నాడు. చెప్పాలంటే ఒక్క ఇవాళ్టి సంగతి చెబితే సరిపోదు. ఆ పిన్నును వంచింది ఎవరో కూడా చెప్పాలి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. చెప్పకుండానే పడుకున్నాడు.

బుధవారం చెల్లెలు పొడుగాయనను చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లొచ్చింది. వద్దంటే వినలేదు. తిరిగొచ్చి గుమ్మంలోనే కూర్చుంది, చెప్పులు కూడా విప్పకుండా.

"ఆయన భార్య తిట్టలేదు వదినా. తిట్టి ఉంటే బాగుండేది. 'ఎర్రగానే ఉందంటగా అమ్మా, ఫొటో చూపించారు. నీకు కనబడలేదా?' అంది. అంతే. నాకు కూర్చోమని స్టూలు కూడా వేసింది."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? ఫొటోలో ఉందిగా." అన్నని చూసింది. "నేను నిజంగానే కునుకు తీశానేమో అన్నయ్యా. మనకు తెలియకుండానే పట్టేస్తుందంటారు కదా. వరస లేదని నేను కలగన్నానేమో."

పదకొండేళ్లలో ఆమె నోట "నాకు తెలియదు" అన్న మాట అతను వినలేదు. ఏ తొట్టి ఏ రోజు ఎంత ఉడికిందో అడిగితే అప్పటికప్పుడు చెప్పే మనిషి. పొద్దున్నుంచీ నాలుగుసార్లు కళ్లజోడు తుడుచుకుని క్యాలెండర్లో అంకెలు చదువుకోవడం అతను చూశాడు. తన మాటకంటే ఆ ఫొటోనే ఆమె ఎక్కువ నమ్ముతోంది.

గురువారం మధ్యాహ్నం వదిన బయటికి వెళ్లిన సమయం చూసి చెప్పేశాడు. నిలబడే చెప్పాడు.

"నువ్వు కునుకు తీయలేదు. వరస నిజంగానే నల్లబడింది. ఎరుపు మోసే పిన్ను వంగిపోయింది. మంగళవారం నేను చూసి, సరిచేసేశాను."

ఆమెకు ముందు మొదటి ముక్కే వినబడింది. "అంటే నేను మేలుకునే ఉన్నానా?" అంది. ముఖమంతా విప్పారింది. రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "దేవుడా! నేను మేలుకునే ఉన్నాను." తరవాతి ముక్క మెల్లగా లోపలికి దిగింది. "సరిచేశావా? ఎందుకు సరిచేశావన్నయ్యా?"

"చెయ్యి ఊరుకోలేదే."

ఆమె అతని చేతులకేసి చూసింది. ఇంకా మిగిలింది కూడా కక్కేశాడు. పది రోజుల కిందట మేనేజరు చుట్టాలెవరో వస్తున్నారని, ఆమె ముందున్న కొత్త తెరను డిజిటల్ కేబులుతో సహా మీటింగు గదికి పట్టుకుపోయారు. దాని స్థానంలో సామాన్ల గదిలోంచి పాత తెర, పాత అనలాగ్ కేబులు తెచ్చి పెట్టింది తనే. గోడకూ బల్లకూ మధ్య చెయ్యి పట్టక, చూడకుండా గట్టిగా నొక్కాడు. ఎక్కడో కాస్త గరుకుగా తగిలింది. బొమ్మ వచ్చింది కదా అని స్క్రూలు బిగించేశాడు.

"డిజిటల్‌కి మొహమాటం లేదు. దాంట్లో ఏదైనా పోతే చాలామట్టుకు బొమ్మే రాదు, తెర నల్లబడుతుంది, పోయిందని మనకు తెలుస్తుంది. ఈ పాతది అలా కాదు. సగం పోయినా ఉన్న సగంతో సంసారం నెట్టుకొస్తుంది" అన్నాడు. ఆ గుణాన్నే ఇన్నాళ్లూ మెచ్చుకుంటూ వచ్చాడు. రెండు స్క్రూలతో పట్టుకునే తీగకు నమ్మకమెక్కువని, స్క్రూ లేని కొత్త ప్లగ్గులు ఈతరం స్నేహాల్లాంటివని కుర్రాళ్లకు పాఠాలు చెప్పేవాడు.

"వేడి హద్దు దాటితే మోగే గంట కూడా ఆ కొత్త తెరతోనే పోయింది కదూ" అంది చెల్లెలు.

"ఆ కొత్త కేబుల్లో బొమ్మా శబ్దం కలిసే వస్తాయి. పాతదాంట్లో బొమ్మ ఒక్కటే. గంట మోగదు సార్ అని చెప్పాను. మేనేజరేమో ఆవిడకు కళ్లున్నాయిగా అన్నాడు."

ఆమె అంది, నిష్ఠూరం లేకుండా, లెక్క సరిచూసుకుంటున్నట్టు: "పోయిన గురువారం నీకు అన్నం వడ్డిస్తూ చెప్పాను కదా, గడియారం నీలంగా కనబడుతోందని."

"చెప్పావు."

"పాత తెర కదా, ముసలిదానికి రంగు మారదా అన్నావు."

"అన్నాను."

"నేనూ నవ్వాను" అంది. పుస్తకంలో ఫిర్యాదు రాయాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఇంట్లో అన్నకు చెప్పిన మాటను ఫ్యాక్టరీ పుస్తకంలో ఎవరు రాస్తారు?

వదినకు తెలిసినప్పుడు ఆవిడ మంచం మీద కూలబడింది. "రేపు మీరు ఇదంతా చెబితే దాని ఉద్యోగం దక్కేది ఉండదు, మీది కూడా ఊడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు." కాసేపటికి తనే లేచి, అతని తెల్లచొక్కా వెతికి ఇస్త్రీ చేసింది. "చెప్పండి. చెప్పకపోతే నా ఇంట్లో అన్నం ఎలా తింటారు మీరు?" అంది.

విచారణకు పెద్దాఫీసు నుంచి వచ్చింది ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు, మెత్తని మాట. అడిగినదానికి జవాబు పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు రాసుకునేది. ఆవిడ కసిరి ఉంటే మేస్త్రికి కాస్త ధైర్యం వచ్చేది. అతను మొత్తం చెప్పాడు. గరుకుగా తగిలింది, తను స్క్రూలు బిగించేసింది, చెల్లెలు అన్నం దగ్గర చెప్పింది, మంగళవారం పెన్సిలు. తన తప్పు ఉన్నచోట గొంతు తగ్గించలేదు.

"తెరలు మార్చిన సంగతి, పిన్ను సంగతి ఎక్కడైనా రాశారా?" అని అడిగింది పెద్దావిడ.

"చిన్న పనులు రాయనమ్మా. చేసేస్తాను."

మేనేజరు ఫోను బల్ల మీద పెట్టాడు. "మంగళవారం పొద్దున తీసిన ఫొటో ఇది. మేస్త్రి అక్కడే ఉన్నాడు, భుజం కనబడుతోంది. అప్పుడు ఒక్క మాట చెప్పలేదు. ఇవాళ చెల్లెలి మీదకు వచ్చేసరికి గుర్తొచ్చింది."

అందరూ అద్దాల గదికి వెళ్లారు. చెల్లెలు నాలుగు రోజుల తరవాత గుమ్మం దాటింది. కుర్చీ దగ్గరికి వెళ్లలేదు, తలుపు పక్కనే నిలబడింది. మేస్త్రి ప్లగ్గు విప్పి చూపించాడు.

"ఏది వంగింది?" అంది పెద్దావిడ, కళ్లజోడు సవరించుకుని.

"ఈ మూలది."

ఆవిడ వెలుతురుకు తిప్పింది, దగ్గరగా పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది. "అన్నీ ఒకలాగే ఉన్నాయండి."

కుర్రమేస్త్రీలు ఎవ్వరూ గెలవని పందెం అది. మేస్త్రి జేబులోంచి పెన్సిల్ తీశాడు. "వంచి చూపిస్తానమ్మా. ఎరుపు పోతే ఆ వరస ఎలా మాయమవుతుందో మీరే చూడండి." ఆవిడ ఒప్పుకుంది. అతను పెన్సిల్ ముక్కు తొడిగాడు. ఒకసారి వంగి లేచిన పిన్ను రెండోసారి ఓర్చుకోదని అతనికి తెలుసు. ముట్టుకోగానే టిక్కుమని విరిగి, బల్ల మీద పడింది. ఆవగింజంత లోహం. ప్లగ్గు పెట్టాడు. గడియారం నీలంగా మారింది. ఆరో వరస ఉన్నచోట నల్లటి ఖాళీ.

"ఇదే! ఇలాగే ఉందమ్మా!" అని చెల్లెలు కేకేసింది. నాలుగు రోజుల్లో ఆమె గొంతు పైకి లేచింది అప్పుడే. తెరకేసి వేలు చూపిస్తూ ముందుకు రాబోయి, గుర్తొచ్చి ఆగిపోయింది.

పెద్దావిడ ఆ ఖాళీకేసి చూసింది. ఆవిడకు జాలి కలగలేదని అనలేం.

"మీరు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు" అంది. "ఇలా జరగవచ్చని చూపించారు. ఇలా జరిగిందని చూపించలేకపోయారు. నా కళ్లముందు పిన్ను విరిగింది మీ చేతిలో. ఫొటోలో ఎరుపు ఉంది. నేను రాయగలిగింది ఇదే." చెల్లెలి వైపు తిరిగింది. "వరస లేనప్పుడు కిందకి ఫోను చేసి అడగాలని నియమం ఉందిగా అమ్మా?"

"ఉందండి. గుడ్డ మార్చినప్పుడల్లా చేస్తే పని సాగదని, చేయడం మానేసి చాలా ఏళ్లయింది. ఇక్కడ ఎవరూ చేయరండి" అంది చెల్లెలు. ఆవిడ అది కూడా రాసుకుంది. ఉన్నమాట చెప్పినందుకే ఆ మాట ఆమెకు ఉరితాడైంది.

మధ్యాహ్నం భోజనాల వేళకు కాగితం వచ్చింది. అజాగ్రత్త చెల్లెలిది, ఇక ఉద్యోగం లేదు. పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది పెద్దాఫీసు చూసుకుంటుంది. యంత్రాన్ని చెప్పకుండా తాకినందుకు మేస్త్రికి హెచ్చరిక. చివర ఒక వాక్యం: ఇకముందు ఇలాంటి అనుమానాలకు తావు లేకుండా, ఆ గదికి శబ్దం వచ్చే డిజిటల్ తెరను తిరిగి అమర్చవలెను.

చెల్లెలు కాగితం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, టిఫిన్ డబ్బా తెచ్చిన సంచిలోనే వేసుకుంది. "చివరి ముక్క బాగుంది" అంది. గేటు దాకా అతను వస్తానంటే వద్దంది.

సోమవారం నుంచీ ఆ కుర్చీ ఖాళీగానే ఉంది, తొట్ల వేడిని కిందివాళ్లే చూసుకుంటున్నారు. సాయంత్రం కొత్త మనిషి వచ్చేలోపు పని అయిపోవాలన్నారు. మేస్త్రి మీటింగు గదికి వెళ్లి కొత్త తెరను గోడ మీద నుంచి దింపాడు. దాని మీద దుమ్ము కూడా పడలేదు. చుట్టాలు వచ్చి వెళ్లాక దాన్ని ఎవరూ వెలిగించినట్టు లేదు. రెండు చేతులతో ఎత్తుకుని మెట్లెక్కాడు. పాత తెరను నేల మీద గోడకు ఆనించాడు. కొత్తదాని ప్లగ్గు బల్లపరుపుగా, తేలిగ్గా ఉంది. స్క్రూ లేదు, బిగింపు లేదు. ఈసారి బల్లను ముందుకు జరిపి, కంప్యూటర్ వెనక్కు పూర్తిగా వంగి, కళ్లతో చూస్తూ పెట్టాడు. అలా లోపలికి వెళ్లిపోయింది.

తెర వెలిగింది. ఆరో వరస ఎర్రగా వచ్చింది. వెంటనే గంట మోగింది.

అంత గట్టిగా మోగుతుందని అతను మరచిపోయాడు. సోమవారం నుంచీ ఆ గంటను ఎవరూ ఆపలేదు. మోగడానికి దారి లేక కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. అద్దాలు అదిరాయి. కింద తొట్ల దగ్గర ఉన్నవాళ్లు ఉలిక్కిపడి తొట్లకు దూరంగా జరిగారు. ఒకరి తరవాత ఒకరు తలలెత్తి పైకి చూశారు. ఆరో తొట్టి దగ్గర మాత్రం ఎవరూ లేరు.

"ఆపవయ్యా దాన్ని!" అని మేనేజరు మెట్ల కింద నుంచి అరిచాడు.

ఏ మీట నొక్కితే ఆగుతుందో మేస్త్రికి తెలియదు. తీగలు అతనివి, మీటలు ఆమెవి. ఆ ఫ్యాక్టరీలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు. ఫోను తీసి చెల్లెలికి చేశాడు.

"ఏ మీటమ్మా, గంట ఆపడానికి?"

అటు ఫోను ఎత్తింది. ఆమె ఊపిరి వినబడుతోంది. దూరంగా, వెనక ఎక్కడో వదిన ఎవరు చేశారని అడుగుతోంది.

"అదేనా అన్నయ్యా, మోగుతున్నది?"

"అదే."

"బాగా గట్టిగా ఉంది."

"ఊఁ."

"నిద్రపోతున్నా లేస్తాను కదా, దానికి" అంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. మేస్త్రి ఫోనును చెవి దగ్గర నుంచి తీసి తెరకు దగ్గరగా, శబ్దం వచ్చేచోట పట్టుకున్నాడు. మీట ఏదో ఆమె చెప్పలేదు. అతను మళ్లీ అడగలేదు.